అవధియు, అవధారణమును



తెలుగు పండితు డొకడు గణితమును గూర్చి ప్రసంగింప బూనుట మీకు వింతగా తోచవచ్చును. నాకును వింతగనే యున్నది. ముప్పదియైదేండ్లు నేను ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పాఠశాలలలో బాలురకు సంధులు, సమాసములు, ఛందస్సు బోధించి పదవి విరమించితిని. చిన్ననాట మా తండ్రిగారు నాకు అమరమును, లఘుకౌముదిని, తర్కసంగ్రహమును చెప్పిరి. లెక్కలు మాత్రము పరీక్ష గట్టెక్కుటకు కావలసినంతకు మించి రాలేదు. అట్టి నేను నలువదేండ్ల వయస్సు సమీపించుచుండగా ఉన్నత కలనగణిత గ్రంథ మొకటి ముందిడుకొని ఏడేండ్లు కూర్చుంటిని. దానికి కారణము ఒక యక్షరము. ఆ యక్షరమును గూర్చియు, దాని వెంట నడచి నేను తెలిసికొన్న చరిత్రను గూర్చియు నేడు మనవి చేసెదను.

1996వ సంవత్సరమున నేను జమ్మలమడుగులో పని చేయుచుంటిని. పూర్వము నా కడ చదివిన బాలు డొకడు అప్పటికి తెలుగు మాధ్యమమున బి.యస్సీ. చదువుచుండెను. రైతు బిడ్డ, ఆంగ్లము అంతగా రాదు. 1968లో స్థాపితమైన తెలుగు అకాడమి ప్రచురించిన పుస్తకములే వానికి దిక్కు. సెలవులకు ఊరికి వచ్చినపుడు తాను వ్రాసికొన్న గణిత పాఠముల నోటుపుస్తకమును నా కిచ్చి, భాషలో తప్పులున్నచో దిద్దుమని యడిగెను. ఎఱ్ఱసిరా కలము చేత బట్టితిని. ఒకచోట “ఈ అంతరాళములోని ప్రతి బిందువునకును ఒకే డెల్టా చెల్లును” అని యుండెను. ‘ప్రతి’ యనిన పిదప ‘ఒకే’ యనుట పొసగదనియు, ఆ ఏకారము వ్యర్థమనియు నాకు తోచెను. దానిని కొట్టివేసి ‘ఒక డెల్టా’ అని దిద్దితిని.

వాడు సందేహించుచు, “అయ్యవారూ, ఆ ‘ఏ’ తీసేస్తే లెక్క మారిపోతుంది గదా” అనెను. “నాయనా, లెక్క నీది, భాష నాది” అని నేను నవ్వితిని. వాడు మఱి మాటాడలేదు. పరీక్షలో నేను దిద్దినట్లే వ్రాసెను. ఆ నిర్వచనముపై నిలిచిన పెద్ద ప్రశ్న యంతయు పోయెను. కొద్ది మార్కులలో ఆ పత్రము తప్పెను. ఈ సంగతి వాడు నాతో చెప్పనే లేదు. మా పాఠశాలలోని గణితోపాధ్యాయుడు చెప్పగా వింటిని. తన బుద్ధికంటె నా మాటను ఎక్కువగా నమ్మిన బిడ్డకు నేను చేసిన యుపకార మది!

ఆ గణితోపాధ్యాయుడే నాకు భేదమును తెలియజెప్పెను. ప్రొద్దుటూరి బంగారు అంగళ్ల నడుగుడు. “ప్రతి పెట్టెకును ఒక తాళపుచెవి కలదు” అనినచో ఏ పెట్టె చెవి దానిదే. “అన్ని పెట్టెలకును ఒకే తాళపుచెవి కలదు” అనినచో అది వేఱు సంగతి. మొదటి మాట నిజమైనంత మాత్రమున రెండవది నిజము కాదు. ఆ భేదమును తెలుగులో మోయుచున్నది ‘ఏ’ యను ఒక్క యక్షరము. వ్యాకరణమున దీనిని అవధారణార్థక మందుము. ఏటేట బాలురకు ఆ పాఠము చెప్పినవాడను నేను; దాని విలువ తెలిసినవాడు ఆ పిల్లవాడు.

అంత నా సహోపాధ్యాయు డొక గ్రంథమును నా చేతిలో నుంచెను. అది టామ్ అపోస్టల్ అను అమెరికా గణితాచార్యుడు రచించిన ‘మ్యాథమెటికల్ ఎనాలిసిస్’. 1957లో వెలువడిన తొలి ముద్రణమున దానికి ఉన్నత కలనమునకు నవీన మార్గమను అర్థము వచ్చు ఉపనామము కూడ నుండెను. 1974లో రెండవ కూర్పు వచ్చెను. నేను తెఱచి చూచితిని. మొదటి పుట దాటుటకు నాకు శక్తి లేకపోయెను. మఱుసటి యేట పులివెందులకు బదిలీ యైనది. అచట ఒక యేడు ఇంటర్మీడియట్ గణిత పుస్తకములను తెలుగున చదివి, కలనమనగా నేమో స్థూలముగా గ్రహించి, పిదప మఱల ఆ గ్రంథమును తెఱచితిని.

స్థూలముగా చెప్పవలెనన్నచో కలనము రెండు పనులు చేయును: మారుచున్న వస్తువు ఈ క్షణమున నెంత వేగముగా మారుచున్నదో చెప్పును, వంకర గీతల నడుమ చిక్కిన వైశాల్యమును చెప్పును. పదునేడవ శతాబ్దమున న్యూటను, లైబ్నిట్జు దీనిని శాస్త్రముగా నిలిపిరి. ఫలములు అద్భుతములు, గ్రహగతులు లెక్కకు వచ్చినవి. కాని పునాది యెట్టిది? వారు అత్యల్ప పరిమాణ మొకదానిని కల్పించి, మొదట అది సున్న కాదని భాగించిరి. పిదప సున్నయే యని విడిచిరి. 1734లో బర్క్లీ యను క్రైస్తవ మతాచార్యుడు ఇది వ్యాహతమని ఆక్షేపించెను. ఆక్షేపించినవాడు గణితజ్ఞుడు కాకున్నను ఆక్షేపము గట్టిది. దానికి తృప్తికరమైన సమాధానము చెప్పుటకు నూరేండ్లు పట్టినది.

ఈ ఘట్టమున నాకు మా తండ్రిగారు చెప్పిన పాఠము జ్ఞప్తికి వచ్చెను. ఆంధ్రుడని ప్రసిద్ధి గల అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహమును, దాని దీపికను చదివినవారు లక్షణమునకు మూడు దోషము లుండునని యెఱుగుదురు. గోవు కపిలవర్ణము గలది యనినచో తెల్లయావు విడిపోవును, అది అవ్యాప్తి. కొమ్ములు గలది యనినచో ఎనుము కూడ వచ్చి చేరును, అది అతివ్యాప్తి. ఒంటి గిట్ట గలది యనినచో ఏ గోవునకును చెల్లదు, అది అసంభవము. ఐరోపా గణితజ్ఞులు పందొమ్మిదవ శతాబ్దమున చేసినది ఈ పరీక్షయే. ప్రతి ధనసంఖ్యకంటెను చిన్నదై తానును ధనసంఖ్యయే యైన పరిమాణము వాస్తవ సంఖ్యలలో లేదు. అట్టి లక్షణమునకు అసంభవ దోషము పట్టినది. వాస్తవ సంఖ్యలకు వెలుపల అట్టివానికి చోటు కల్పించి, నిర్దుష్టముగా నిలుపవచ్చునని ఆబ్రహాం రాబిన్సను తన 1966 నాటి గ్రంథమున చూపినాడు గాని, అది తరువాతి కథ.

ఇక అవిచ్ఛిన్నతను చూడుడు. కలము ఎత్తక గీయదగిన గీత అవిచ్ఛిన్నమని సామాన్యముగా చెప్పుదురు. 1872లో బెర్లిను నగరమున వయర్‌స్ట్రాసు ఒక ప్రమేయమును చూపెను. అది యంతటను అవిచ్ఛిన్నము. ఐనను ఏ బిందువు కడను దానికి స్పర్శరేఖ లేదు. అడుగడుగునను వంకర, ఆ వంకరలో మఱల వంకర. దానిని ఏ కలము గీయగలదు? కావున ఆ లక్షణము అవ్యాప్తము. పోనిండు, ఒక విలువనుండి మఱొక విలువకు పోవునపుడు నడుమనున్న విలువలన్నిటిని తాకునది అవిచ్ఛిన్నమందమా? అట్లు తాకుచునే విచ్ఛిన్నములైన ప్రమేయములు కలవని 1875లో దార్బూ యను ఫ్రెంచి పండితుడు చూపెను. ఇది అతివ్యాప్తము. ఈ రెండు ఉదాహరణములను చదివిన నాడు, తర్కసంగ్రహమును నేను నలువదేండ్లకు మఱల చదివినట్లు తోచెను.

మఱి నిర్దుష్టమైన లక్షణ మేది? దాని మార్గమును ప్రాగ్ నగరమున బోల్జానో 1817లోను, పారిసున కోషీ 1821లోను చూపిరి. వయర్‌స్ట్రాసు తన యుపన్యాసములలో దానిని తీర్చి దిద్దెను. రేడియోలో నల్లబల్ల లేదు గనుక మాటలతోనే చెప్పెదను. దీనిని వాదముగా భావింపుడు. ఒక సంఖ్య రెండును సమీపించుకొలది దాని వర్గము నాలుగును సమీపించునని నా ప్రతిజ్ఞ. ప్రతివాది, “నీ వర్గము నాలుగునకు నూరవ వంతు లోపల నుండవలెను” అనును. నేను, “ఐనచో సంఖ్యను రెండునకు ఐదువందలవ వంతు లోపల నుంచుము” అందును. అతడు కోటివ వంతు కోరినను నా యుత్తరము సిద్ధము: కోరినదానిలో ఐదవ వంతు, అదియు ఒకటికి మించకుండ. ప్రతివాది కోరునది ఎప్సిలాన్. నే నిచ్చునది డెల్టా. అతడు ముందు కోరవలెను, నేను పిదప ఇయ్యవలెను. అతడెంత సూక్ష్మముగా కోరినను ఇయ్యగలిగినచో నాలుగే అవధి. ఇందు అత్యల్ప పరిమాణము లేదు, మాయ లేదు. ఎవ రడిగినను నెఱవేర్చదగిన మాట యొక్కటియే కలదు.

ఇప్పుడు నా యేకారము కడకు వత్తము. వర్గమునకు రెండు కడ ఐదవ వంతు చాలినది. నూరు కడ అది చాలదు, ఇంకను చిన్నది కావలెను. బిందువు మారినకొలది డెల్టా మారవచ్చును. అట్లు మారినను ప్రతి బిందువునకు ఒకటి దొరికినచో అది అవిచ్ఛిన్నత. ఒక యెప్సిలానును కోరగా అన్ని బిందువులకును ఒకే డెల్టా చెల్లినచో అది ఏకరూపావిచ్ఛిన్నత. సున్నకును ఒకటికిని నడుమ సంఖ్యల వ్యుత్క్రమమును, అనగా ఒకటిని ఆ సంఖ్యతో భాగించిన ఫలమును తీసికొనుడు. ప్రతి బిందువు కడను అది అవిచ్ఛిన్నమే. కాని సున్నవైపు జరుగుకొలది డెల్టా చిక్కి చిక్కి పోవును, అన్నిటికి చెల్లునది దొరకదు. కొసలు రెండును చేరిన పరిమితమైన అంతరాళమున మాత్రము, ప్రతిచోట అవిచ్ఛిన్నమైనది ఏకరూపముగను అవిచ్ఛిన్నమగునని హైనె 1872లో ప్రకటించెను. ఆ పిల్లవాడు పరీక్షలో నిరూపింపవలసినది ఈ సిద్ధాంతమునే. నేను ఏకారమును తీసివేయగా నిరూపింపవలసినదియు, ముందే ఇచ్చినదియు ఒక్కటైపోయినవి. సిద్ధాంతము మాయమైనది!

ఇట్టి పొరపాటే అంతకుముందు మహానుభావునికిని జరిగినది. అవిచ్ఛిన్న ప్రమేయములను అనంతముగా కూడి, ఆ శ్రేణి అభిసరించినచో మొత్తముకూడ అవిచ్ఛిన్నమే యని కోషీ తన 1821 నాటి గ్రంథమున నిరూపణ మిచ్చెను. 1826లో నార్వే దేశపు యువకుడు ఆబెల్, ఆ సిద్ధాంతమునకు అపవాదము లున్నవని ఒక త్రికోణమితి శ్రేణిని చూపెను. దానిలోని పదములన్నియు అవిచ్ఛిన్నములు, మొత్తము మాత్రము కొన్నిచోట్ల తెగి దూకును. అప్పటికి ఆబెల్‌కు ఇరువదినాలుగేండ్లు. లోప మెక్కడ? ప్రతి బిందువు కడను శ్రేణి అభిసరించును. కాని అన్ని బిందువులకును ఒకే వేగమున అభిసరింపదు. 1847 ప్రాంతమున స్టోక్సు, సైడెల్ దీనిని వేర్వేఱుగా గుర్తించిరి. వయర్‌స్ట్రాసు దానిని శాస్త్రమున స్థిరపఱచెను. కోషీకి జాఱినదియు మన యేకారమే. ఇది చదివి నాకు కొంత యూఱట గలిగినది. అంతకంటె భయమును గలిగినది: అంతటివాడు చూడని దానిని, నేను చూడకయే కొట్టివేసితిని గదా!

ఇక సంఖ్య యనగా నేమి? మన జిల్లా నాపరాళ్లను ఎఱుగనివారు లేరు. అడుగు పొడవు, అడుగు వెడల్పు గల చదరపు బండను తీసికొని మూలనుండి మూలకు త్రాడు పట్టుడు. ఆ పొడవు వర్గము రెండు. శుల్బసూత్రకారులు దానికి 577ను 408తో భాగించిన విలువ వచ్చు సూత్ర మిచ్చిరి. అది ఐదు దశాంశ స్థానములవరకు సరిపోవును. దానికి ‘సవిశేషము’ అని పేరిడుటచే, ఇంకను కొంచెము భేదము మిగిలినదని వా రెఱుగుదురని తోచును. ప్రొద్దుటూరి చెంత కల్లూరు గ్రామమున 1907లో జన్మించిన లక్కోజు సంజీవరాయశర్మగారు పుట్టంధులు. వారి గణితావధానములు దేశమంతట ప్రసిద్ధములు. రెండును నూటమూడు మార్లు వేసి గుణించినచో వచ్చు 32 అంకెల సంఖ్యను వారు నోటితో చెప్పిరని ప్రతీతి. 1997లో వారు దివంగతులైరి. అట్టి మహామేధావియైనను, నాపరాతి కర్ణముయొక్క దశాంశములను చదువ మొదలిడినచో ముగింపజాలడు. అవి యంతము లేనివి, ఆవర్తనము లేనివి. ముగియని దానిని సంఖ్య యనుట కధికార మేమి?

ఇది గణన కందని ప్రశ్న. ఉపపత్తి కావలసిన ప్రశ్న. జర్మను పండితుడు డెడెకిండు 1858లో పాఠము చెప్పుటకు సిద్ధమగుచు, తన పునాదియే సరిగా లేదని గుర్తించి, సంఖ్యారేఖలో కంతలు లేకుండునట్లు వాస్తవ సంఖ్యలను నిర్మించు మార్గమును కనుగొనెను; దానిని 1872లో ప్రకటించెను. అపోస్టల్ గ్రంథము ఈ విషయమును పది స్వయంసిద్ధములతో మొదలిడును. తొమ్మిది కూడుట, గుణించుట, పెద్దచిన్నలు చూచుట యను తెలిసిన సంగతులే. పదియవది కీలకము: పైన హద్దు గల ప్రతి శూన్యేతర సంఖ్యాసమితికి, ఆ హద్దు లన్నిటిలోను చిన్నదైన హద్దొకటి కలదు. వర్గము రెండునకు మించని సంఖ్యలన్నిటిని ప్రోగుచేయుడు; వాని కనిష్ఠమైన ఎగువ హద్దే మన బండ కర్ణము. దీనిని నిరూపించుటకు పులివెందులలో నాకు పదునొకండు రాత్రులు పట్టెను. పండ్రెండవ నాడు తెల్లవాఱుజామున నిరూపణము ముగిసినపుడు, ఒక కఠిన శ్లోకమునకు అన్వయము కుదిరిన నాటి యానందమే కలిగెను.

ఇట్టి గ్రంథమును స్వయముగా చదువగోరు యువకులకు నా యనుభవము చెప్పెదను. మొదటి యేడు నేను శ్లోకములను వల్లించినట్లు నిరూపణములను వల్లించితిని, ఏమియు నిలువలేదు. పిదప పుస్తకమును మూసి, సిద్ధాంతమును మాత్రము కాగితముపై వ్రాసికొని, నిరూపణమును నేనే వెదకుట మొదలిడితిని. పదింట తొమ్మిదిమార్లు ఓడితిని. ఓడిన పిదప చదివిన నిరూపణము మఱువ రాలేదు. ప్రతి సిద్ధాంతమునందును ఒక్కొక్క నియమమును తీసివేసి, ఎక్కడ కూలునో చూచితిని; ఇది శాస్త్రమున పదకృత్యము వంటిది, ప్రతి పదము ఏ దోషమును వారించుటకు వచ్చినదో విచారించుట. ప్రకరణాంతమున నున్న అభ్యాసములే అసలు గ్రంథము. పాఠము వానికి పీఠిక మాత్రమే. వారమున కొక పుట నడచినను అది నడకయే. ఏడేండ్లలో నేను అవధులు, అవకలనము, సమాకలనము, శ్రేణులు దాటితిని. తుది ప్రకరణములు నాకు లొంగలేదు. దాని కేమి? లొంగినంత నాది.

ఉపపత్తి విదేశీ వస్తువని కొందఱు తలతురు. అది సరి కాదు. కేరళమున మాధవుని శిష్యపరంపర అనంత శ్రేణులతో వృత్తపరిధిని సాధించెను. ఆ ఫలములకు యుక్తులను జ్యేష్ఠదేవుడు 1530 ప్రాంతమున ‘యుక్తిభాష’ యను గ్రంథమున మలయాళ భాషలోనే వివరించెను. మన తెలుగున పదునొకండవ శతాబ్దముననే పావులూరి మల్లన, మహావీరాచార్యుని గణితమును పద్యములలో దించెను. ఐరోపావారి అవధి నిర్వచనము మన పూర్వుల కడ నుండెనని నేను చెప్పను, అది లేదు. లేనిదానిని ఉన్నదనుట ఉపపత్తికే ద్రోహము. కాని యుక్తిని స్వభాషలో చెప్పవచ్చునని వారు చూపిరి. తెలుగు శాస్త్రమునకు చాలదనువారికి నే నిచ్చు సమాధాన మిది: కోషీ గ్రంథమున జాఱిన భేదమును మోయుటకు తెలుగున ఒక్క యచ్చు చాలినది. చాలనిది భాష కాదు. దానిని దిద్దబూనిన నావంటివాని జ్ఞానము.

ఆ శిష్యుడు మఱల పరీక్ష వ్రాసి కృతార్థుడయ్యెను. నేడు వాడును గణితమే బోధించుచున్నాడు. నా యేడేండ్ల చదువు ముగిసిన పిదప నేను ప్రొద్దుటూరికి వచ్చినపుడు వానిని పిలిపించి, ఆ పాత నోటుపుస్తక మున్నదా యని యడిగితిని. దాచి యుంచెను. ఆ పుట తెఱచి, నా కొట్టివేత ప్రక్కన అదే ఎఱ్ఱసిరాతో ‘ఏ’ యని వ్రాసి, క్రింద తేదీ వేసి, చేవ్రాలు చేసితిని. వాడు, “ఎందుకయ్యవారూ ఇప్పుడు” అనెను. “నాయనా, లెక్కయు నీదే, భాషయు నీదే” అంటిని.

ఉపాధ్యాయ సోదరులారా! బాలుడు సందేహించి నిలిచినపుడు మన మొక క్షణ మాగుదము. వాని చేతిలోని యక్షరమునకు మన మెఱుగని యర్థ ముండవచ్చును.

స్వస్తి.